అర్థమైందంటే వెళ్ళిపోవచ్చు

నేను ఇంతవరకు ఏదీ రాసి ఎరగను. ఐదో తరగతితో బడి అయిపోయింది నాకు. ఆ తర్వాత నా చేత్తో రాసినవంటే సరుకుల చీటీలు, శుభలేఖల మీద చుట్టాల పేర్లు, అంతే. విశాఖపట్నంలో ఋషికొండ మీదున్న ఒక సాఫ్ట్‌వేర్ ఆఫీసులో టీ కాఫీలు పెట్టడం నా పని. అక్కడ జరిగిన ఒక సంగతి మరిచిపోకూడదనిపించి రాస్తున్నాను. ఇందులో నేనూ వస్తాను. కానీ ‘నేను’ అని రాయబోతే సిగ్గేసి చెయ్యి ముందుకు పోవడం లేదు. అందుకని నన్ను కూడా పైడితల్లి అనే రాస్తాను. ఎవరో ఒకావిడ సంగతి చెబుతున్నాననుకుంటే నాకు మాట వస్తుంది. నేను కళ్ళారా చూడనివి అక్కడి ఇంజనీరు మృణాళినమ్మ చెప్పగా విన్నవి.

ఆ ఆఫీసులో కోదండపాణి గారని ఒక పెద్దాయన ఉన్నారు. అరవైకి రెండేళ్ళు తక్కువ. ముప్పై ఏళ్ళుగా కంప్యూటరు పనే. పిల్లలందరూ ఎదురుగా సార్ అనీ, చాటుగా గురువుగారు అనీ అంటారు. ఆయనకొక అలవాటుంది. ఎవరేం అడిగినా జవాబు చెప్పరు. అడిగినవాళ్ళని ఎక్కడికో పంపిస్తారు, లేదంటే ఏదో ఒకటి చేయిస్తారు. ఒకసారి శశిభూషణ్ అనే ఇంజనీరు వచ్చి, నా ప్రోగ్రాం ఇంత నెమ్మదిగా ఎందుకు నడుస్తోంది సార్ అని అడిగాడు. ఆయన తన బల్ల మీదున్న ఇరవై కాగితాలు చూపించి, వీటిని కింద రిసెప్షన్లో ఇచ్చి రమ్మన్నారు. అయితే ఒక్కో విడతకి ఒక్క కాగితమే పట్టుకెళ్ళాలి, లిఫ్టు ఎక్కకూడదు. నాలుగంతస్తులు. మూడో కాగితానికే అతనికి జవాబు తట్టింది, తన ప్రోగ్రాం కూడా ఇలాగే ఒక్కొక్కటే మోస్తోందని. తట్టిందని చెప్పినా గురువుగారు ఐదో కాగితం దాకా తిప్పారు, తట్టింది ఊడిపోకుండా ఉండాలని.

మృణాళిని అక్కడ చేరి అప్పటికి ఆరు నెలలు కావస్తోంది. పార్వతీపురం పిల్ల. మాట చిన్నది, పట్టుదల పెద్దది. మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా తనొక్కతే రాసిన ప్రోగ్రాం ఒకటి అనకాపల్లి దగ్గర ఒక కంటి ఆసుపత్రిలో పెట్టారు. రోగి రాగానే కౌంటర్లో నంబరు చీటీ ఇస్తారు. ఎవరి వంతు వస్తే వాళ్ళ నంబరు, వెళ్ళాల్సిన గది హాల్లో గోడమీది బోర్డు చూపిస్తుంది. చూపు ఆననివాళ్ళు కదా, ఒక గొంతు పైకి కూడా పిలుస్తుంది. ఆ గొంతు మృణాళినిదే. వారం రోజులు చక్కగా నడిచింది. ఆ తర్వాత రోజూ పదకొండు దాటేసరికి బోర్డు మొరాయించడం మొదలుపెట్టింది. ముప్పై నాలుగు దగ్గర ఆగి, గంటసేపు ముప్పై నాలుగే అంటుంది. ఆనక ఒక్కసారిగా యాభై ఒకటికి గెంతుతుంది. మధ్యలో పోయిన పదహారు మందీ మమ్మల్ని పిలవలేదేమని కౌంటరు మీద పడతారు. కంటికి కట్టుతో పొద్దున్నుంచీ కూర్చున్న ముసలివాళ్ళు వంతు తప్పిపోయి మళ్ళీ మొదటి నుంచి కూర్చుంటారు. చివరికి ఆసుపత్రివాళ్ళు గురువారం సాయంత్రం దాకా చూస్తాం, బాగుపడకపోతే బోర్డు దింపేసి మనిషిని పెట్టి కేకేయించుకుంటాం అని కబురు చేశారు. మృణాళిని ఆరు నెలల పరీక్షా కాలం కూడా ఆ వారంతోనే ముగుస్తుంది. బోర్డు దిగిన రోజున తన కుర్చీ కూడా దిగిపోయినట్టేనని ఆ పిల్ల మనసులో ఖాయం చేసుకుంది.

పోనీ, తప్పేదో కనబడితే దిద్దుకోవచ్చు. కనబడదే. అలాంటి బోర్డే ఇంకోటి తెచ్చి తన కుర్చీ వెనకాల గోడకి తగిలించి, ఐదొందల నంబర్లు నడిపింది. ఒక్కటీ తప్పలేదు. పక్క సీట్లో ఉండే శశిభూషణ్, నీ బోర్డుకి అనకాపల్లి నీళ్ళు పడలేదు మృణాళినీ, ఇక్కడే ఉంచుకో, మనమే ఒకళ్ళ తర్వాత ఒకళ్ళం టీకి వెళ్దాం అని ఏడిపించాడు. నిజంగానే అది గోడ మీద నడిచిన రెండు రోజులూ పైడితల్లి ట్రే పట్టుకుని ఆ వరసలోకి వెళ్ళినప్పుడల్లా గోడ మీంచి మృణాళిని గొంతు నూట పన్నెండు, రెండో గది అంటుంటే, కింద ఆ పిల్లేమో తల పట్టుకుని కూర్చుని ఉండేది. ఇచ్చిన టీ ఇచ్చినట్టే మీగడ కట్టేది.

ఇందులో విచిత్రం ఒకటుంది. ప్రోగ్రాం తను చేసిన ప్రతి పనీ లోపల రాసి పెట్టుకుంటుందట. మృణాళిని అది తీసి చూస్తే రోజూ పదకొండు దాటాక ఒకే సంగతి ఉంది. హాల్లో జనం నిండి అందరూ ఫోన్లు తీసేసరికి బోర్డుకీ కంప్యూటరుకీ మధ్య వైఫై సంబంధం తెగుతోంది. తెగినప్పుడు ఏం చెయ్యాలో మృణాళిని ముందే ఆలోచించింది. కౌంటర్లో మనిషి ముందు తెర మీద ఒక పెట్టె లేస్తుంది. అందులో మూడు వాక్యాలుంటాయి: బోర్డుతో సంబంధం తెగింది, మళ్ళీ కలపాలంటే ఎడమ బటన్ నొక్కండి, పాత నంబరే ఉండనివ్వాలంటే సరే నొక్కండి అని. ఆ మూడు వాక్యాలూ తేలిక మాటల్లో కుదరడానికి రెండు రోజులు కూర్చుందట. ప్రోగ్రాం ఏమని రాసుకుందంటే, కౌంటరు వాళ్ళని అడిగాను, సరే అన్నారు, పాత నంబరే ఉంచాను అని. కౌంటర్లో దేవిక అని ఒకావిడ ఉంటుంది. మృణాళిని ఆవిడకి ఫోను చేస్తే, ఏ పెట్టే రాలేదండీ, నేనేం నొక్కలేదండీ అంది. మర్నాడు మళ్ళీ అడిగితే అదే మాట. మూడోసారి అడిగితే దేవుడి మీద ఒట్టు పెట్టి, కాస్త ఏడ్చింది కూడా.

శశిభూషణ్‌కి ఇందులో సందేహమే లేదు. మిషన్‌కి అబద్ధమాడాల్సిన ఖర్మేమిటి, ఆవిడే ఆడుతోంది అన్నాడు. మృణాళినికి ఆ ఏడుపు నిజమనిపించింది. అలాగైతే అబద్ధం తన ప్రోగ్రాందే అవ్వాలి. ఎవరూ నొక్కని బటన్ని నొక్కారని ఎందుకు రాసుకుంటోందో తేల్చుకోవడానికి తను రాసిన వేల పంక్తులూ మూడు రోజులు చదివింది. బియ్యంలో రాళ్ళు ఏరినట్టు ఏరింది. రాయి లేదు. మంగళవారం మధ్యాహ్నం లేచి, మొహం కడుక్కుని, కోదండపాణి గారి బల్ల దగ్గరికి వెళ్ళింది.

“సార్, ప్రోగ్రాం నొక్కారంటోంది, మనిషి నొక్కలేదంటోంది. ఇద్దరిలో అబద్ధం ఎవరిదో మీరైతే ఎలా కనిపెడతారు?”

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. అది చూసి శశిభూషణ్ మెల్లిగా, చెప్పులు వేసుకో, మెట్లు దిగాలేమో అన్నాడు. ఆయన మాత్రం ఎక్కడికీ పంపలేదు. అప్పుడే ఖాళీ కప్పులు ఏరుకోవడానికి వచ్చిన పైడితల్లిని ఆగమని, కుర్చీ చూపించారు. మృణాళినితో, నీ బోర్డు సంగతంతా ఈవిడకి చెప్పమ్మా, ఈవిడకి అర్థమయ్యేదాకా చెప్పు, ఆ తర్వాత నీ ప్రశ్న చూద్దాం అన్నారు. ఆయన మాత్రం తన పనిలో పడిపోయారు.

పైడితల్లి ఆ ఆఫీసులో తొమ్మిదేళ్ళ నుంచీ ఉంది. ఆ కుర్చీల్లో ఎప్పుడూ కూర్చోలేదు. చక్రాల కుర్చీ, అంచున కూర్చుంటే వెనక్కి జారింది. బల్ల పట్టుకుని సర్దుకుంది. మృణాళిని పాపం శ్రద్ధగానే మొదలుపెట్టింది. కాగితం మీద కౌంటరు బొమ్మ వేసింది, బోర్డు బొమ్మ వేసింది, మధ్యలో గీత గీసింది, గీత తెంపింది. ఒక్కో ముక్క చెప్పడం, అర్థమైందా అక్కా అనడం. అర్థమైందమ్మా అని పైడితల్లి తలూపడం. సంబంధం తెగితే పెట్టె లేస్తుందక్కా, అర్థమైందా. అర్థమైందమ్మా. లోపల రాసుకుంటుందక్కా, అర్థమైందా. ఆఁ, అర్థమైంది. అలా పావుగంట నడిచింది. చెప్పేకొద్దీ మృణాళినికి ఉత్సాహం వచ్చింది. మూడు రోజుల తర్వాత తన గోడు విని తలూపిన మనిషి దొరికింది మరి.

అంతా అయ్యాక కోదండపాణి గారు ఇటు తిరిగి, ఈవిడకి అర్థమైందా అని మృణాళినిని అడిగారు. ఆ పిల్ల ధీమాగా, అయింది సార్, ముక్క ముక్కకీ అడిగాను, ఏడుసార్లడిగితే ఏడుసార్లూ అర్థమైందనే అంది, అని చెప్పింది. ఆయన పైడితల్లి వైపు చూశారు.

“ఏమమ్మా, ఏడుసార్లు అర్థమైందన్నావట. ఏం అర్థమైంది?”

పైడితల్లి చుట్టూ చూసింది, ఇంకెవరినైనా అడుగుతున్నారేమోనని. “నానా? నానెప్పుడన్నాను సార్?”

వరసలో ఉన్న నలుగురూ తలలు తిప్పారు. మృణాళిని కాగితం పైడితల్లి ముందుకి జరిపింది. ఇప్పుడే కదక్కా అన్నావు, నా మొహంలోకి చూస్తూ అన్నావు కదా అంది. పైడితల్లి కుర్చీలోంచి లేచింది. లేదమ్మా, నీ మీదొట్టు, నానేటీ అన్లేదు అంది. నిజం రాస్తున్నాను, పైడితల్లికి తను అన్నట్టు ఒక్కటంటే ఒక్కటీ జ్ఞాపకం లేదు. ఆ పిల్ల గోరింటాకు పెట్టుకున్న వేలు కాగితం మీద అటూ ఇటూ వెళ్ళడం జ్ఞాపకం ఉంది. అంతే.

కోదండపాణి గారు కోప్పడలేదు, నవ్వలేదు. కూర్చున్నంతసేపూ నీ మనసు ఎక్కడుందమ్మా అని మాత్రం నెమ్మదిగా అడిగారు. ఆ నెమ్మదికి పైడితల్లికి ధైర్యం వచ్చింది.

“పొయ్యి మీద పాలెట్టి వొచ్చాను సార్. పొంగిపోతాయేమోనని బెంగ. అర్థమైందంటే ఎల్లిపోవచ్చు గదా.”

మృణాళిని కాగితం వైపు చూసింది. తను గీసిన కౌంటరు బొమ్మలో ఒక చిన్న మనిషి ఉంది, ఆ మనిషి ముందు గుండ్రంగా ‘సరే’ అని రాసి ఉంది. దాని వంక చూస్తూ చూస్తూ, ముందు పెదవి కొరుక్కుంది, ఆ తర్వాత భుజాలు అదిరాయి, ఆ తర్వాత బల్ల మీద తల పెట్టి నవ్వడం మొదలుపెట్టింది. ఏడుస్తోందేమోనని పైడితల్లి భయపడింది. నవ్వే. మూడు రోజుల నవ్వు ఒక్కసారి వచ్చినట్టుంది. కోదండపాణి గారు, ముందు నువ్వు వెళ్ళి పాలు చూసుకో తల్లీ అన్నారు. పాలు అప్పటికే పొంగాయి. స్టౌ కడగడానికి అరగంట పట్టింది.

బుధవారం మృణాళిని ఆఫీసుకి రాకుండా తిన్నగా బస్సెక్కి అనకాపల్లి వైపు వెళ్ళింది. దేవికని ఏమీ అడగనని ముందే మాటిచ్చి, ఆవిడ వెనకాల స్టూలు వేసుక్కూర్చుంది. కౌంటరు ముందు వంద మంది. ఒకాయన చీటీ పోయిందంటాడు, ఒకావిడ బాత్రూం ఎటంటుంది, ఒక తాతగారికి చెవి వినబడదు, పిలిచిన గొంతు ఆయన దాకా రాదు, దేవికే లేచి చెయ్యి పట్టుకుని గది గుమ్మం దాకా దింపి వస్తుంది. మృణాళినికి సిగ్గేసింది. ఆరు నెలల్లో తను ఆ హాలుని కాగితం మీద తప్ప చూడలేదు. పదకొండుంపావుకి తెర మీద పెట్టె లేచింది. మూడు వాక్యాలూ చక్కగా, తను రాసినవి రాసినట్టే ఉన్నాయి. దేవిక కళ్ళు తాతగారి మీదే ఉన్నాయి, నోరు ఆయనతోనే మాట్లాడుతోంది. వేలు మాత్రం తనంతట తనే వెళ్ళి సరే నొక్కి, చీటీల కట్ట దగ్గరికి తిరిగి వచ్చేసింది. రెప్పపాటు. మృణాళిని ఇచ్చిన మాట మీద ఉండబట్టలేక ఆవిడ చెవి దగ్గర వంగి, ఇప్పుడేం నొక్కారండీ అని అడిగింది. దేవిక వెనక్కి తిరిగి, నేనేం నొక్కలేదండీ అంది. ఆ మొహంలో అబద్ధం వెతికినా లేదు. గోడమీది బోర్డు ముప్పై ఒకటి దగ్గర ఆగిపోయి ఉంది.

మృణాళిని అక్కడే, ఆ స్టూలు మీదే ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని, రెండు రోజులు కూర్చుని కుదిర్చిన ఆ మూడు వాక్యాలనీ తీసేసింది. తీసేటప్పుడు కాస్త ప్రాణం చివుక్కుమందట. పెట్టె లేదు, సరే లేదు. సంబంధం తెగితే ప్రోగ్రాం ఎవరినీ అడక్కుండా తనే మళ్ళీ కలుపుకుంటుంది, కలిసేదాకా వదలదు. చెయ్యాల్సిందంతా మధ్యాహ్నం లోపల అయిపోయింది. ఇంత చిన్న పనికి మూడు రోజులా అని ఆమెకే అనిపించింది.

గురువారం పొద్దున్నుంచీ ఆఫీసులో ఎవరూ పైకి అనడం లేదు గానీ అందరూ గడియారం వైపే చూస్తున్నారు. పదకొండయింది. పన్నెండయింది. శశిభూషణ్ సైతం ఏడిపించడం మానేసి, నీకు ఫోను వస్తే స్పీకర్లో పెట్టు అన్నాడు. ఫోను నాలుగింటికి వచ్చింది. దేవిక. హాల్లో ఇవాళ ఒక్క గొడవా లేదండీ, నూట నలభై మందీ వరసలో వెళ్ళిపోయారు, నన్ను తిట్టేవాళ్ళు లేక తోచడం లేదండీ అంది. బోర్డు ఉంచేస్తున్నామని వాళ్ళ పెద్దావిడ చెప్పమన్నారట. వరసంతా చప్పట్లు కొట్టారు. శశిభూషణ్ లేచి గోడమీది బోర్డుకి నమస్కారం పెట్టాడు.

మృణాళిని తిన్నగా గురువుగారి బల్ల దగ్గరికి ల్యాప్‌టాప్ పట్టుకుని పరిగెత్తింది. పైడితల్లి అక్కడే కప్పు అందిస్తోంది. “ఇద్దరిదీ నిజమే సార్” అంది ఆ పిల్ల రొప్పుతూ. ఇంకా ఏదో చెప్పబోతుంటే ఆమె తెర మీద ఒక పెట్టె లేచింది. మాట ఆపకుండానే వేలుతో దాన్ని మూసేసింది. ఏం వచ్చిందమ్మా అది, అని కోదండపాణి గారు అడిగారు. ఏది సార్ అంది మృణాళిని. అని, తన వేలు వైపు చూసుకుంది. ఈసారి ముగ్గురూ కలిసి నవ్వారు. పైడితల్లి చేతిలో ట్రే కప్పులు గలగలలాడాయి.

ఆ సాయంత్రం ఇంటికెళ్ళేటప్పుడు బస్సులో పైడితల్లికి కిటికీ పక్క సీటు దొరికింది. మనసు తేలిగ్గా ఉంది, అయినా ఒక ఆలోచన వదల్లేదు. ఆ ఏడుసార్లేనా? డాక్టరు మందులు ఎలా వేసుకోవాలో చెప్పినప్పుడు అర్థమైందంది. బ్యాంకులో కాగితం మీద సంతకం ఎందుకో చెప్పినప్పుడు అర్థమైందంది. చిన్నప్పుడు నాలుగో తరగతిలో భాగారాలు చెబుతూ మేష్టారు అర్థమైందా అంటే, అందరితోపాటు తనూ గొంతెత్తి అర్థమైందండీ అనేది. ఆయన సంతోషంగా తర్వాతి పాఠానికి వెళ్ళిపోయేవాడు. ఎంతమందిని అలా సంతోషంగా పంపించేసిందో లెక్కలేదు.

మర్నాడు పొద్దున్న ఆఫీసు సామాన్లు చూసే సింహాద్రి వంటగదిలోకి పెద్ద పెట్టె ఒకటి మోయించుకొచ్చాడు. కొత్త కాఫీ మిషను. ఇక పొయ్యి అక్కర్లేదు, పాలు కాచక్కర్లేదు, పొడి పోసి బటన్ నొక్కితే చాలన్నాడు. ఆరు బటన్లు. తనకి ఇంకో అంతస్తులో పనుందని ఒక్క గుక్కలో ఆరూ చెప్పేసి, అర్థమైందా పైడితల్లీ, అంటూ తలుపు దాకా వెళ్ళిపోయాడు కూడా. కాఫీ కోసం వచ్చిన మృణాళిని, కోదండపాణి గారు గుమ్మం పక్కకి తప్పుకుని దారిచ్చారు.

పైడితల్లి తల కిందికి సగం దిగింది. అక్కడ ఆగింది. చీరకొంగు చేతికి చుట్టుకుని, నేల వైపు చూస్తూ, “నాకు అర్థం కాలేదు బాబూ. మళ్ళీ సెప్పండి” అంది.

సింహాద్రి వెనక్కొచ్చాడు. విసుక్కుంటాడనుకుంది, విసుక్కోలేదు. మొదటి బటన్ చూపించి చెప్పాడు. తను నొక్కి చూపించాడు, ఆమె చేత నొక్కించాడు. రెండోది చెప్పాడు. మూడోది చెప్పాడు. నాలుగో దాని మీద వేలు పెట్టి ఆగిపోయాడు. వంగి చూశాడు, పక్కకెళ్ళి చూశాడు, బుర్ర గోక్కున్నాడు. తెచ్చినవాడు చెప్పినప్పుడు తలూపాను గానీ, దీని సంగతి నాకూ తెలీదు పైడితల్లీ అని, జేబులోంచి ఫోను తీసి వాడికే ఫోను చేశాడు.

గుమ్మంలో మృణాళిని కొంగు నోటికడ్డం పెట్టుకుంది. కోదండపాణి గారు ఖాళీ కప్పు తెచ్చి మిషను కింద పెట్టి, కొంచెం వెనక్కి జరిగి నిలబడ్డారు.

“ఇక ఈ మిషను పనిచేస్తుంది” అన్నారు.